లూప్ ఎప్పుడు ఆగాలె? – బేసిక్ ప్రోగ్రామింగ్ మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల ఎక్కువ డూ–లూప్, వైల్–వెండ్ (ఒకే పనిని మళ్ల మళ్ల చేయించే లూపులు) మీదనే ఉన్నయి, అందుకే వేరే ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్న. ప్రోగ్రాం లైన్లు ఇక్కడ తెలుగు అక్షరాలల్ల రాస్తున్నం గానీ మెషీన్‌ల కొట్టేటప్పుడు కీవర్డులు, వేరియబుల్ పేర్లు ఇంగ్లీషుల కొట్టాలె, అది మర్చిపోవద్దు.

ప్రశ్న: సార్, నేను పాలిటెక్నిక్ చదువుతున్న. వైల్–వెండ్ ఉండంగ మళ్ల డూ–లూప్ ఎందుకు? డూ వైల్, డూ అంటిల్, లూప్ వైల్, లూప్ అంటిల్ అని నాలుగు రకాలు నోట్స్‌ల రాపించిండ్రు, పరీక్షకు బట్టీ కొట్టిన గానీ ఏది ఎక్కడ వాడాలెనో తెలుస్తలేదు.
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: చెల్లె, ఆ నాలుగింటిని నాలుగుగా గుర్తుపెట్టుకుంటే ఎప్పటికీ కన్ఫ్యూజే, అసలు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. మొదటిది, లోపలి పని ఒక్కసారన్నా జరగాల్నా, లేకపోతే అసలు జరగకున్నా పర్వాలేదా? రెండోది, నేను చెప్పే షరతు "ఇట్ల ఉన్నంతసేపు తిరుగు" అన్నట్టున్నదా, "ఇట్ల అయ్యేదాకా తిరుగు" అన్నట్టున్నదా? ఉన్నంతసేపు అంటే వైల్, అయ్యేదాకా అంటే అంటిల్. షరతు పైన డూ పక్కన రాస్తే లోపలికి పోకముందే చూస్తది, కింద లూప్ పక్కన రాస్తే ఒకసారి పని చేసినంక చూస్తది. గంతే.

మార్కులు అడిగే ప్రోగ్రాం తీసుకో. యూజర్ 0 నుంచి 100 లోపు నంబరే కొట్టాలె, తప్పు కొడితే మళ్ల అడగాలె. అడగకముందే చూడడానికి ఏమీ ఉండదు కదా, అందుకే షరతు కింద పెట్టాలె:

డూ
  ఇన్‌పుట్ "మార్కులు ఎన్ని", మా
లూప్ అంటిల్ మా >= 0 అండ్ మా <= 100

ఇదే వైల్–వెండ్‌తో రాస్తే షరతు ఎప్పుడూ పైననే ఉంటది కాబట్టి ఇన్‌పుట్ లైన్ లూప్ బయట ఒకసారి, లోపల ఇంకోసారి రాయాల్సి వస్తది. పైగా క్యూబేసిక్‌ల (డాస్‌తోని వచ్చిన బేసిక్‌ల) వైల్–వెండ్ మధ్యల నుంచి బయటపడడానికి ఎగ్జిట్ స్టేట్‌మెంటే లేదు, డూ–లూప్‌కు ఎగ్జిట్ డూ ఉంది. అందుకే కొత్తగా నేర్చుకునేటోళ్లకు నేను డూ–లూపే చెప్త, వైల్–వెండ్ పాత ప్రోగ్రాంలు చదవడానికి తెలిసుంటే చాలు.

ఇంకొకటి, అంటిల్‌ను వైల్‌గా మార్చేటప్పుడు పోరగాళ్లు మస్తు మంది తప్పు చేస్తరు. పైదాన్ని వైల్‌తో రాయాలంటే లూప్ వైల్ మా < 0 ఆర్ మా > 100 అని రాయాలె. అక్కడ అండ్‌ను అట్లనే ఉంచితే "సున్నా కంటే తక్కువ, అదే టైంల వంద కంటే ఎక్కువ" అన్నట్టు అయితది, అసొంటి నంబర్ లేదు కాబట్టి షరతు ఎన్నటికీ నిజం కాదు, 500 కొట్టినా ఊకుంటది. షరతు తిరగేసినప్పుడు అండ్ ఆర్ అయితది, ఆర్ అండ్ అయితది, పరీక్షల ఇది కచ్చితంగ పనికొస్తది.

ప్రశ్న: జూరాల డ్యాం నిండే లెక్క సరదాకు రాసిన. నీటిమట్టం 1040 అడుగుల కాడ మొదలుపెట్టి గంటకు 0.1 అడుగు పెరుగుతదని పెట్టి, డూ అంటిల్ మట్టం = 1045 అని రాసిన. ఫుల్ లెవెల్ 1045 కదా. గానీ అది 1045 దాటి 1046, 1050, 1100 అని పోతనే ఉంది, ఆగుతలేదు. క్యూబేసిక్‌ల బగ్గు ఉందా?
– గద్వాల

జవాబు: బగ్గు కాదు, సమానం గుర్తు మీద పెట్టుకున్న నమ్మకమే తప్పు. కంప్యూటర్ నంబర్లను రెండు పునాదిల (బైనరీల, అంటే 0, 1 అంకెలతోనే) దాచుకుంటది, అందుల 0.1 అనేది కచ్చితంగ పట్టదు, మనం మూడోవంతును 0.333 అని రాసుకుంటే ఎట్ల తెగదో అట్ల. క్యూబేసిక్‌ల ఏమీ చెప్పకపోతే వేరియబుల్ సింగిల్ ప్రెసిషన్ అయితది, అందుల మొత్తం ఏడు అంకెల దాకనే నమ్మకం. 1040 అసొంటి పెద్ద నంబర్‌కు 0.1 కలిపిన ప్రతిసారి చివర్ల రవ్వంత రాలిపోతది. 50 సార్లు కలిపినంక మీకు రావాల్సింది 1045, వచ్చేది 1044.999. ఆ తర్వాతది 1045.099. అంటే 1045 మీద కాలు పెట్టకుండనే దాటిపోయింది, ఇంక మీ షరతు ఎప్పుడు నిజం కావాలె?

లోపల ప్రింట్ మట్టం అని ఒక లైన్ పెట్టి చూడండి, మీ కండ్లముందే కనబడతది. ఇంకా ఆశ్చర్యం ఏందంటే దాన్ని అట్లనే వదిలేస్తే అది పెరుగుకుంట పెరుగుకుంట 20,97,152 కాడికి పోయి అక్కడ నిలబడిపోతది, ఎందుకంటే అంత పెద్ద నంబర్‌కు 0.1 కలిపినా సింగిల్ ప్రెసిషన్‌ల తేడా రాదు, మళ్ల అదే నంబర్ వస్తది. లూప్ మాత్రం తిరుగుతనే ఉంటది, ఎర్రర్ కూడా రాదు.

డూ అంటిల్ మట్టం >= 1045 అని రాస్తే ఆగుతది. అయితే ఆగుడు ఒక్కటే చాలదు, గంటల లెక్క కూడా కావాలంటే అది 50 బదులు 51 చూపిస్తది, ఎందుకంటే 50వ గంటల ఇంకా 1044.999 దగ్గరే ఉంది. లెక్క కరెక్టుగ రావాలంటే అడుగులను కాదు, పదోవంతులను లెక్కపెట్టండి: 10400 కాడ మొదలుపెట్టి ఒక్కొక్కటి కలిపి 10450 దాకా పోయి, ప్రింట్ చేసేటప్పుడు 10తో భాగించండి. పూర్ణాంకాలల్ల రాలిపోయేది ఏమీ ఉండదు, అప్పుడు సమానం గుర్తు పెట్టినా ఆగుతది, అయినా >= రాసే అలవాటే మంచిది.

ప్రశ్న: అన్నా, నేను రైస్ మిల్లుల లెక్కలు చూస్త. ఎక్సెల్‌ల మాక్రో (ఎక్సెల్ లోపల నడిచే బేసిక్ ప్రోగ్రాం) రాసుకున్న, వడ్ల లాట్లల్ల తేమ 17 శాతం దాటినవాటికి పక్క కాలంల "ఎక్కువ" అని పడాలె. మొదట్ల మంచిగనే పనిచేసింది, ఇప్పుడు రన్ చేయంగనే ఎక్సెల్ బిగుసుకపోతుంది, టాస్క్ మేనేజర్‌ల బంద్ చేయాల్సి వస్తుంది. డేటా ఎక్కువై ఇట్ల అయితుందా?
– మిర్యాలగూడ

మాక్రో ఇది:
వరుస = 2
డూ అంటిల్ సెల్స్(వరుస, 1) = ""
  ఇఫ్ సెల్స్(వరుస, 4) > 17 దెన్
    సెల్స్(వరుస, 5) = "ఎక్కువ"
    వరుస = వరుస + 1
  ఎండ్ ఇఫ్
లూప్

జవాబు: డేటా ఎక్కువై కాదు. వరుస = వరుస + 1 అన్న లైన్ ఎండ్ ఇఫ్ లోపల ఉంది, దాన్ని ఎండ్ ఇఫ్ కిందికి జరపండి, పని అయిపోతది.

ఎందుకో చెప్త. మీరు మొదట్ల టెస్ట్ చేసిన లాట్లన్నీ పచ్చి వడ్లు అయి ఉంటయి, అన్నిటికీ తేమ 17 దాటే ఉంది కాబట్టి ప్రతిసారి ఇఫ్ లోపలికి పోయింది, వరుస పెరిగింది. ఎప్పుడైతే 16 శాతం లాట్ ఒకటి వచ్చిందో, ఇఫ్ లోపలికి పోలేదు, వరుస పెరగలేదు, లూప్ మళ్ల అదే వరుసను చూసింది, మళ్ల అదే. ఎండిన వడ్లు వచ్చినంక మాక్రో అక్కడనే నిలబడిపోయింది. షరతుతోని తిరిగే లూప్ ఏది రాసినా రన్ చేయకముందు ఒకటే చూసుకోండి: షరతుల ఉన్న వేరియబుల్‌ను మార్చే లైన్ ఏది, ఇఫ్ నిజమైనా అబద్ధమైనా ఆ లైన్ మీదికెల్లి పోతున్నమా? పోకపోతే ఏదో ఒకరోజు బిగుసుకపోతది, ఆ రోజు డేటా మీద ఆధారపడి ఉంటది, అందుకే టెస్ట్‌ల దొరకదు.

బిగుసుకపోయినప్పుడు వెంటనే టాస్క్ మేనేజర్‌కు పోవద్దు, సేవ్ చేయనిది మొత్తం పోతది. ముందుగాల్ల ఎస్కేప్ కీ కాసేపు పట్టుకోండి, లేకపోతే కంట్రోల్, బ్రేక్ కలిపి కొట్టండి, చాలాసార్లు మాక్రో ఆగి డీబగ్ అని అడుగుతది, డీబగ్ కొడితే ఏ లైన్ మీద ఉందో పసుపు రంగుల చూపిస్తది, వరుస అనే పేరు మీద మౌస్ పెడితే దాని విలువ కూడా కనబడతది. మాక్రో రన్ చేయకముందు ఫైల్ సేవ్ చేసే అలవాటు ఎట్లైనా పెట్టుకోండి, ఆన్‌డూ మాక్రో చేసిన పనిని వెనక్కి తేదు.

మీరు అడగకున్నా మీ మాక్రోల ఇంకో ప్రమాదం ఉంది, నాకైతే బిగుసుకపోవుడు కంటే ఇదే ఎక్కువ భయం. డూ అంటిల్ ఖాళీ సెల్ అంటే, మధ్యల ఎవరన్నా ఒక వరుస ఖాళీగ వదిలేస్తే లూప్ అక్కడనే ఆగిపోతది, కింద ఉన్న లాట్లు చూడదు, ఎర్రర్ కూడా చెప్పదు. కాంటా చిట్టీలు చూసి ఎంట్రీ కొట్టేటోళ్లు రోజు రోజుకు మధ్యల ఒక గీత వదిలేసుడు మామూలే కదా. అందుకే ముందుగాల్ల షీట్‌ల ఆఖరి వరుస ఏదో తెలుసుకోండి: ఆఖరు = సెల్స్(రోస్.కౌంట్, 1).ఎండ్(ఎక్స్‌ఎల్‌అప్).రో. అది కిందికెల్లి పైకి వెతుకుతది కాబట్టి మధ్యల ఖాళీలు అడ్డం రావు. ఆఖరు తెలిసినంక డూ–లూప్ అవసరమే లేదు, ఫర్ వరుస = 2 టు ఆఖరు అని రాసుకోండి, ఒక్కటి కలిపే లైన్ మర్చిపోయే బాధ కూడా పోతది. వరుసను ఇంటిజర్ అని కాదు, లాంగ్ అని డిక్లేర్ చేయండి, ఇంటిజర్ 32,767 దాటితే ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇస్తది, షీట్‌లనేమో 10,48,576 వరుసలుంటయి. తేమ కాలం పర్సంటేజ్ ఫార్మాట్‌ల ఉంటే 17% అని కనబడేది లోపల 0.17, అప్పుడు > 17 ఎన్నటికీ నిజం కాదు, అదొకటి చూసుకోండి.

ప్రశ్న: మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చినం. నెలకు 300 కట్టుకుంట పోతే ఎప్పటికి తీరుతదో అని ప్రోగ్రాం రాసిన. నెలలు వేలకు వేలు పడుతున్నయి, ఆగుతలేదు. 500 అని పెడితే ఆగింది గానీ చివర్ల బాకీ మైనస్ 0.54 అని వచ్చింది. రెండు చోట్లా ఏం తప్పు చేసిన్నో చెప్పండి.
– వనపర్తి

జవాబు: ముందు మీ లూప్ మిగతా పాఠకులకు చూపిస్త:

బాకీ = 10000
నెల = 0
డూ వైల్ బాకీ > 0
  బాకీ = బాకీ + బాకీ * 3 / 100
  బాకీ = బాకీ - కట్టేది
  నెల = నెల + 1
లూప్

300 పెట్టినప్పుడు మీ ప్రోగ్రాంల ఏ తప్పూ లేదు. మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు, పదివేలకు నెలకు 300. మీరు కట్టేది 300. వడ్డీ కలిపితే 10,300, కట్టినంక మళ్ల 10,000. పదేండ్లు కట్టినా, ఇరవై ఏండ్లు కట్టినా అసలు ఒక్క పైసా తగ్గదు, లూప్ అదే చెప్తుంది. మీరు దాన్ని ప్రోగ్రాం తప్పు అనుకున్నరు గానీ అది మీ అప్పు సంగతి. నిజంగ ఈ లెక్కన కడుతున్నట్టైతే దయచేసి కట్టేది పెంచే దారి చూడండి, లేదా అసలుల కొంత ఒకేసారి తగ్గించండి.

ఎంత పెంచితే ఏమైతదో అదే లూప్ చెప్తది. నెలకు 301 కడితే 194 నెలలు, అంటే 16 ఏండ్ల మీద, మొత్తం కట్టింది 58 వేలు దాటుతది. 400 కడితే 47 నెలలు. 500 కడితే 31 నెలలు, మొత్తం దగ్గర దగ్గర పదిహేనున్నర వేలు. మొదటి ఒక్క రూపాయి పెంచినందుకే తీరని అప్పు తీరే అప్పు అయింది, గానీ అక్కడినుంచి ఇంకో వంద పెంచితే 12 ఏండ్లు తగ్గినయి. ఇసొంటి లెక్కకు ఫర్–నెక్స్ట్ పనికిరాదు, ఎందుకంటే ఎన్నిసార్లు తిరగాలెనో మనకే తెల్వదు, తెలుసుకోవాల్సిందే అది. షరతు లూప్ పుట్టిందే ఇసొంటి వాటి కోసం.

ఇప్పుడు మైనస్ సంగతి. 30 నెలలు కట్టినంక మీ బాకీ 484 రూపాయల 92 పైసలు, దానికి నెల వడ్డీ కలిస్తే 499 రూపాయల 46 పైసలు. ప్రోగ్రాం అప్పుడు కూడా 500 తీసేసింది, 54 పైసలు ఎక్కువ కట్టినట్టు. షరతును లూప్ పైకి వచ్చినప్పుడు మాత్రమే చూస్తది, మధ్యల బాకీ సున్నా కిందికి పోయినా దానికి తెల్వదు. వడ్డీ కలిపే లైన్ కింద ఇది పెట్టండి:

ఇఫ్ కట్టేది > బాకీ దెన్ కట్టేది = బాకీ

అప్పుడు ఆఖరి నెల 499.46 మాత్రమే కడతది, బాకీ కచ్చితంగ సున్నా అయితది. ఇంక లూప్ మొదలుకాకముందు ఇంకో లైన్ పెట్టండి:

ఇఫ్ కట్టేది <= బాకీ * 3 / 100 దెన్ ప్రింట్ "ఈ కిస్తుతో అప్పు తీరదు" : ఎండ్

ఇది ఉంటే మెషీన్ ఊకనే తిరగదు, వాడేటోళ్లకు కూడా సంగతి తెలుస్తది. వేరియబుల్స్‌ను డబుల్ ప్రెసిషన్ (ఇంకా ఎక్కువ అంకెలు పట్టే రకం) పెట్టుకోండి, పైసల లెక్కకు సింగిల్ సరిపోదు.

మీరు ఉత్తరంల రెండు రూపాయల వడ్డీకి ఏమీ కట్టకుంటే ఎప్పుడు డబుల్ అయితదని కూడా అడిగిండ్రు. నెల నెలా వడ్డీ అసలుల కలుస్తదనుకుంటే డూ వైల్ బాకీ < 20000 అని రాయండి, 36 నెలలు అని వస్తది. 35వ నెలల బాకీ 19,998 రూపాయల 90 పైసలు, రూపాయి పది పైసలు తక్కువ పడి లూప్ ఇంకొక్కసారి తిరుగుతది. పేపర్ మీద దగ్గర దగ్గర లెక్క వేసినోళ్లు 35 అంటరు, మీరు 36 అంటరు, ఇద్దరి మధ్య తేడా ఆ రూపాయే.

ప్రశ్న: నేను ఎన్నడో జీడబ్ల్యూ బేసిక్ నేర్చుకున్న, 10, 20, 30 అని లైన్ నంబర్లు పెట్టి ఇఫ్, గోటూ (ఫలానా లైన్‌కు దుంకు అని చెప్పేది) తోనే అన్నీ రాసేది. ఇప్పుడు మా మనవడు గోటూ వాడొద్దంటడు. గోటూతో కూడా లూప్ తిరుగుతది కదా?
– మహబూబ్‌నగర్

జవాబు: తిరుగుతది పెద్దసారూ, మీ మాట నిజం. అమెరికాల డార్ట్‌మత్ కాలేజీల జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ తయారుచేసి 1964 మే 1 తెల్లారంగ నాలుగు గంటలకు మొదటి ప్రోగ్రాంలు నడిపినప్పుడు అందుల ఫర్–నెక్స్ట్ ఉంది గానీ వైల్ లేదు, డూ లేదు, షరతుతో తిప్పాలంటే ఇఫ్, గోటూనే దిక్కు. ఆ కాలపోళ్లందరూ అట్లనే రాసిండ్రు. 1968ల డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త గోటూ వల్ల ప్రోగ్రాంను చదివి అర్థం చేసుకోవుడు కష్టమైతదని ఒక ఉత్తరం అచ్చేయిస్తే అక్కడికెల్లి పెద్ద చర్చ నడిచింది. తర్వాత 1980లల్ల కెమెనీ, కర్ట్జ్ ఇద్దరే ట్రూ బేసిక్ అని తెచ్చి లైన్ నంబర్లు లేకుండా డూ–లూప్‌తో రాసే పద్ధతి పెట్టిండ్రు.

మీరు నేర్చుకున్న జీడబ్ల్యూ బేసిక్‌లనే వైల్–వెండ్ ఉంది. 1991ల ఎంఎస్ డాస్ 5 తోని వచ్చిన క్యూబేసిక్‌ల లైన్ నంబర్లు అక్కర్లేకుండ డూ–లూప్ రాయొచ్చు. మనవడు వద్దనేది మెషీన్ కోసం కాదు, చదివేటోళ్ల కోసం. 70 గోటూ 30 అని ఉంటే 30 కాడికి పోయి చూడాలె, అక్కడికి ఇంకా ఏ లైన్లు దుంకుతున్నయో మొత్తం వెతకాలె. డూ కు, లూప్‌కు మధ్యల ఉన్నదే తిరుగుతదని చూడంగనే తెలుస్తది. మీ పాత ప్రోగ్రాంలు పారేయకండి, ఒక్కొక్క వెనక్కి దుంకే గోటూను పట్టుకొని, అది పోయే లైన్ కాడ డూ, అది ఉన్న కాడ లూప్ వైల్, దాని ముందటి ఇఫ్‌ల షరతు అక్కడ రాసుడు మనవడితో కలిసి చేయండి. నేర్చుకునేటందుకు దీనికంటే మంచి అభ్యాసం నాకు తెల్వదు.

ప్రశ్న: మా స్కూల్ పిల్లలకు స్మాల్ బేసిక్ చెప్తున్న. డూ–లూప్ కొడితే ఎర్రర్ వస్తుంది.
– ఒక టీచర్, నాగర్‌కర్నూల్

జవాబు: మేడం, మైక్రోసాఫ్ట్ 2008ల తెచ్చిన ఈ స్మాల్ బేసిక్‌ల డూ లేదు, ఫర్, వైల్ రెండే. వైల్‌ను వెండ్‌తో కాదు, ఎండ్‌వైల్‌తో మూయాలె. షరతు కింద చూసే పద్ధతి కావాలంటే వైల్‌కు ముందు వేరియబుల్‌కు షరతు నిజమయ్యే విలువ ఒకటి పెట్టండి, ఉదాహరణకు మా = -1 అని పెట్టి వైల్ మా < 0 ఆర్ మా > 100 అంటే మొదటిసారి కచ్చితంగ లోపలికి పోతది. పిల్లలకు ముందు పేపర్ మీద ఒక పట్టిక గీయించండి, ఒక్కో చుట్టుకు ఒక్కో గీత, వేరియబుల్ విలువ, షరతు నిజమా అబద్ధమా అని. నాలుగైదు చుట్లు చేత్తో రాసినంక మెషీన్ ముందు కూసోపెట్టండి.

ప్రశ్న: లూప్‌ల లూప్ పెట్టిన. లోపల ఎగ్జిట్ డూ కొడితే ఒక్కటే లూప్ ఆగుతుంది, బయటిది నడుస్తనే ఉంది.
– దేవరకొండ

జవాబు: ఎగ్జిట్ డూ తన చుట్టూ ఉన్న దగ్గరి డూ–లూప్ నుంచే బయటపడతది, అది దాని నియమం. దొరికింది = 0 అని మొదట్ల పెట్టుకొని, లోపల పని అయినంక దొరికింది = 1 చేసి ఎగ్జిట్ డూ కొట్టండి, బయటి లూప్‌ను లూప్ అంటిల్ దొరికింది = 1 అని మూయండి. బయటి లూప్‌కు ముందే వేరే షరతు ఉంటే ఆర్‌తో కలపండి. లోపలి లూప్ అయినంక బయటి దాంట్ల ఇంకా లైన్లు ఉంటే వాటి ముందు ఇఫ్ దొరికింది = 1 దెన్ ఎగ్జిట్ డూ అని ఇంకోటి పెట్టాలె, లేకపోతే ఆ లైన్లు ఒకసారి ఎక్కువ నడుస్తయి.